సంగీత నాటక కర్త డొనిజెట్టి

ఇటలీ దేశపు ఉత్తరభాగమున, ఆల్ప్సు పర్వతముల దాపున, బెర్గమో అను పురాతన నగరము కలదు. అది రెండు ఊళ్ల కూడలి వంటిది. మైదానమున ఒక ఊరు, కొండమీద మరియొక ఊరు. పూర్వము వెనిసు ప్రభువులు కొండమీది ఊరిచుట్టును దృఢమైన ప్రాకారమును కట్టించిరి. ఆ ప్రాకారమునకు వెలుపల బోర్గో కనాలె అను పేదల వాడ యుండెను. ఆ వాడలోని యొక ఇంట 1797 వ సంవత్సరము నవంబరు 29 వ తేదీన గయెటానో డొనిజెట్టి జన్మించెను.

అది ఇల్లనుటకంటె నేలమాళిగ యనుట తగును. వీధినుండి మెట్లు దిగి లోనికి పోవలెను. సూర్యరశ్మి ఆ గదులలోనికి చొరదు. తండ్రి ఆంద్రెయా, తల్లి దొమెనికా కాయకష్టముతో బ్రతుకువారు. తల్లి నేతపనియు కుట్టుపనియు చేసెడిది. తండ్రికి తరువాతి కాలమున నగరములోని కుదువ సొమ్ముల కార్యాలయమున ద్వారపాలకుని ఉద్యోగము దొరకెను. వారి ఆరుగురు సంతానములో గయెటానో అయిదవవాడు. ఆ వంశమున అంతకుముందు సంగీతము నేర్చినవాడు లేడు. అట్టి ఇంట పుట్టిన బాలుడు తండ్రివలె ఏదో యొక చిన్నకొలువున జీవితము గడపవలసినవాడే. అట్లు జరుగకుండుటకు కారణము ఒక ఉపాధ్యాయుడు.

ఆ ఉపాధ్యాయుని పేరు సిమోన్ మయర్. ఆయన ఇటలీవాడు కాడు. 1763 లో జర్మనీ దేశమందలి బవేరియా ప్రాంతమున జన్మించి, సంగీత విద్యకై ఇటలీకి వచ్చి, అచ్చటనే స్థిరపడెను. 1802 లో బెర్గమోలోని శాంతా మరియా మజ్జోరె అను చర్చికి సంగీతాధిపతి యయ్యెను. ఆయన రచించిన సంగీత నాటకములు ఆనాడు ఇటలీయందంతటను ప్రదర్శింపబడుచుండెను. ఎక్కడికి పోయినను ఆయనకు గౌరవమును ధనమును లభించెడివి. అయినను మయర్ బెర్గమోను విడువలేదు. 1806 లో ఆయన పేదపిల్లల కొరకు ఒక ఉచిత సంగీత పాఠశాలను స్థాపించెను. చర్చి గాయకబృందమునకు బాలురను తయారుచేయుట ఆ పాఠశాల ఉద్దేశము. ప్రథమ విద్యార్థులలో డొనిజెట్టి యొకడు. అప్పటికి అతనికి తొమ్మిదేండ్లు నిండలేదు.

అతడు చురుకైనవాడే. కాని అతనికొక లోపము కలదు. గొంతులో దోషముండుటచే అతని కంఠము గాయకబృందమునకు తగినదిగా లేదు. పాఠశాల నియమములు కఠినమైనవి. పరీక్షాకాలమున గొంతు పనికిరాదని తేలిన బాలుని పంపివేయవలెను. అతని స్థానమును వేరొక పేదబాలునికి ఈయవలెను. డొనిజెట్టి విషయమున ఆ ప్రమాదము దాపురించెను. పాఠశాల తలుపు మూతపడినచో అతనికి వేరొక దారి లేదు. బయట రుసుము చెల్లించి సంగీతము నేర్చు స్తోమత ఆ తండ్రికి లేదు.

మయర్ ఆ బాలుని కంఠమును వినెను. కాని కంఠముతోనే అతనిని కొలువలేదు. స్వరములను కూర్చుటలో అతనికి గల నేర్పును, విన్న పాటను మరువని జ్ఞాపకశక్తిని, నేర్చుకొనవలెనను ఆతురతను ఆయన గమనించెను. పెద్దలతో వాదించి అతనికి గడువు పొడిగింపజేసెను. పాడలేని బాలునికి తంత్రీవాద్యమును, స్వరరచనను నేర్పెను. 1811 లో పాఠశాల విద్యార్థులు ప్రదర్శించుటకు మయర్ ఒక చిన్న హాస్యనాటకమును రచించెను. దాని పేరు చిన్న సంగీతకర్త. అందలి ప్రధానపాత్రను డొనిజెట్టికే ఇచ్చెను. పంపివేయవలసిన బాలుడు ఏమి కాగలడో నగర పెద్దలకు చూపుటకు ఇంతకంటె మంచి ఉపాయము లేదు.

కొంతకాలమునకు, తన యొద్ద నేర్వదగినది నేర్చెననియు ఇక పైచదువు అవసరమనియు మయర్ గ్రహించెను. శిష్యుని తనయొద్దనే నిలుపుకొనవలెనని ఆయన తలపలేదు. ధర్మాత్ములనుండి చందాలు కూర్చి, 1815 లో అతనిని బొలోనా నగరమునకు పంపెను. అచ్చట స్తనిస్లావో మత్తెయ్ అను మహావిద్వాంసుడు సంగీత విద్యాలయమున ఆచార్యుడుగా ఉండెను. అంతకు కొద్ది ఏండ్ల ముందు సుప్రసిద్ధుడైన రొస్సీని ఆయనయొద్దనే చదివెను. రెండేండ్లు డొనిజెట్టి అచ్చట స్వరరచనాశాస్త్రమును క్షుణ్ణముగా అభ్యసించి 1817 లో బెర్గమోకు తిరిగివచ్చెను.

ఆ దినములలో ఇటలీ ప్రజలకు సంగీత నాటకమే ప్రధాన వినోదము. దానిని ఒపేరా అందురు. దానియందు కథ యంతయు పాటతోనే నడచును. పాత్రధారులు సంభాషణలనుకూడ స్వరబద్ధముగా పాడుదురు. వేదిక ముందు పెద్ద వాద్యబృందము కూర్చుండి వారికి తోడ్పడును. పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగమున ఇటలీలో వర్ధిల్లిన గానపద్ధతికి బెల్ కాంటో అని పేరు. సుందరగానమని దాని అర్థము. ఊపిరి తెగకుండ స్వరమును స్వరముతో జతపరచి సాగదీయుట, గమకములను అతి వేగముగా స్పష్టముగా పలికించుట, కంఠమును బిగింపక భావమును చూపుట దాని లక్షణములు. రొస్సీని, డొనిజెట్టి, బెల్లీని అను మువ్వురు ఈ పద్ధతికి ప్రధాన పురుషులు. తన కంఠము పనికిరాదనిపించుకొన్న బాలుడు లోకమందలి శ్రేష్ఠమైన కంఠములకు పాటలు కూర్చువాడయ్యెను.

కాని ఆ మార్గము సుగమమైనది కాదు. మొదట సైన్యమున చేరవలసిన గండము వచ్చెను. బెర్గమోలోని సంపన్నురాలగు ఒక గృహిణి ధనము చెల్లించి అతనిని ఆ నిర్బంధమునుండి తప్పించెను. 1818 లో అతని తొలి సంగీత నాటకము వెనిసులో ప్రదర్శింపబడెను. 1822 లో రోమునందు గొప్ప విజయము లభించెను. పిదప అతడు దక్షిణమున నేపుల్సు నగరమునకు పోయి నాటకశాలల యజమానియైన బర్బాయా యొద్ద పనికి కుదిరెను. 1827 లో వారిరువురికి జరిగిన ఒప్పందము ప్రకారము అతడు మూడేండ్లలో పండ్రెండు నాటకములను రచింపవలెను.

ఆనాటి రచయితలు అంత త్వరగా వ్రాయుట గొప్పకొరకు కాదు. రచయితకు నాటకమునకు ఇంత అని ఒకసారి ముట్టునది తప్ప, అది ఎన్నిమార్లు ఆడినను తరువాత ఆదాయము అంతగా లేదు. యజమాని కథను, గాయకులను, ప్రదర్శన దినమును ముందే నిర్ణయించును. మిగిలిన కొద్ది వారములలో రచయిత పాటలు కట్టి, వాద్యభాగములు వ్రాసి, గాయకులకు నేర్పి, మొదటి ప్రదర్శనలను స్వయముగా నడిపింపవలెను. ఈ కొలిమిలో కాగి డొనిజెట్టి తన జీవితమున సుమారు 70 సంగీత నాటకములు రచించెను. వానిలో కొన్ని తొందరపనులే. కాని ఆ తొందరలోనే అమూల్యములైనవియు పుట్టినవి.

1828 లో అతడు రోము నగరవాసిని వర్జీనియా వసెల్లిని వివాహమాడెను. ఆ దంపతుల అన్యోన్యత ఆదర్శప్రాయము. 1830 డిసెంబరు 26 వ తేదీన మిలాను నగరమందు అతని అన్నా బొలేనా అను నాటకము ప్రదర్శింపబడెను. ఇంగ్లండు రాజైన ఎనిమిదవ హెన్రీ తన భార్యను మరణశిక్షకు గురిచేసిన విషాదగాథ అది. ఆ విజయముతో డొనిజెట్టి పేరు ఐరోపా యందంతటను వ్యాపించెను. అంతవరకు పేరుపెట్టి పిలుచుచుండిన మయర్, ఆ విజయము పిమ్మట తన శిష్యుని ఆచార్య శబ్దముతో సంబోధించెనని ప్రతీతి. ముప్పదిమూడేండ్ల డొనిజెట్టికి అంతకుమించిన బిరుదు లేదు.

1832 మే 12 వ తేదీన మిలానులోనే ప్రేమౌషధము అను అర్థము గల లెలిసిర్ దమోరె ప్రదర్శింపబడెను. కవి ఫెలిచె రొమాని రచించిన ఆ నాటకమును డొనిజెట్టి కొద్ది వారములలోనే పాటగా మలచెను. అది పల్లెటూరి కథ. నెమొరినో అను అమాయకుడైన పేదరైతు, అదీనా అను భూస్వామినిని ప్రేమించును. దుల్కమారా అను మోసకాడైన సంచారవైద్యుడు వలపు మందని చెప్పి అతనికి ఒక సీసాను అమ్మును. అందున్నది మద్యము మాత్రమే. రెండవ సీసాకు డబ్బులేక నెమొరినో సైన్యమున చేరుటకు సంతకము చేసి ఆ సొమ్ము పుచ్చుకొనును. అదీనా అతని మనస్సును తెలిసికొని, ధనము చెల్లించి ఆ పత్రమును విడిపించును. యౌవనమున తానును ఒక సంపన్నురాలి దయచే సైన్యము తప్పించుకొన్న డొనిజెట్టికి ఆ ఘట్టము కట్టుకథ కాదు. మోసగానిని చూచి ప్రేక్షకులు నవ్వుదురు. మోసపోయిన వానిని చూచి మాత్రము నవ్వలేరు. ఆ పేదవాని నోట అతడు పెట్టిన పాట అంత స్వచ్ఛమైనది.

మూడేండ్లకు నేపుల్సులోని సాన్ కార్లో నాటకశాలయందు, 1835 సెప్టెంబరు 26 వ తేదీన, లూచియా దీ లమ్మెర్మూర్ వెలువడెను. స్కాట్లండు నవలాకారుడు వాల్టర్ స్కాట్ 1819 లో ప్రకటించిన నవల దానికి మూలము. రెండు వంశముల పగ నడుమ చిక్కుకొన్న లూచియా అను కన్య కథ అది. అన్న ఆమెకు దొంగ ఉత్తరము చూపి, ప్రేమించినవానిని విడదీసి, బలవంతముగా వేరొకనికిచ్చి పెండ్లి చేయును. ఆ దుఃఖముతో లూచియాకు మతి చలించును. ఆ రాత్రియే వరుని వధించి, ఆ సంగతి యెరుగక, తన ప్రియునితోనే పెండ్లి జరుగుచున్నదని తలచి, అతిథుల నడుమ నిలిచి పాడును. ఈ ఘట్టమునకు డొనిజెట్టి మొదట గాజుపాత్రల నాదము పలుకు ఒక అపురూప వాద్యమును ఉద్దేశించెను. అది కుదరక తుదకు వేణువును ఎన్నుకొనెను. కంఠము ముందు పోవ వేణువు వెంబడించును. వేణువు ముందు పోవ కంఠము వెంబడించును. అయోమయమైన మనస్సు తన నీడతో తాను మాటాడుకొనుచున్నట్లు అది తోచును. ఈ పాత్రను పాడుట నేటికిని గాయనీమణులకు గొప్ప పరీక్ష.

లూచియా ప్రదర్శనమునకు మూడు దినములు ముందు, 1835 సెప్టెంబరు 23 న, బెల్లీని పారిసు చెంత మరణించెను. ఇరువురు పోటీదారులుగా పేరొందినవారు. అయినను డొనిజెట్టి ఆ వార్త విని దుఃఖించి, అతని ఆత్మశాంతికై ఒక ప్రార్థనా సంగీతమును రచించెను.

దానితో అతని సుఖదినములు ముగిసినవి. ఆ డిసెంబరులోనే తండ్రి మరణించెను. రెండు నెలలలో తల్లియు మరణించెను. పుట్టిన ముగ్గురు బిడ్డలలో ఒక్కరును దక్కలేదు. 1837 జూలై 30 వ తేదీన వర్జీనియా కన్నుమూసెను. ఆమెకు నిండ ఇరువది తొమ్మిదేండ్లు లేవు. ఆమె మరణించిన గది తలుపును డొనిజెట్టి మరల తెరవలేదని చెప్పుదురు. అయినను ఒప్పుకొన్న పనిని అతడు మానలేదు. మూడు నెలలు తిరుగక మునుపే మరియొక విషాద నాటకమును ప్రదర్శనకు సిద్ధముచేసెను.

1838 లో అతడు ఒక క్రైస్తవ ధర్మవీరుని కథతో రచించిన నాటకమును నేపుల్సు రాజు నిషేధించెను. నొచ్చుకొన్న డొనిజెట్టి ఆ నగరమును విడిచి పారిసు చేరెను. అచ్చట 1840 లో సైనికదళ పుత్రిక అను హాస్యనాటకమును ఫ్రెంచి భాషలో రచించెను. 1842 లో ఆస్ట్రియా చక్రవర్తి ఆస్థానమున సంగీతాధిపతి పదవి లభించెను. నేలమాళిగ బిడ్డ రాజప్రాసాదమున ప్రవేశించెను. 1843 జనవరి 3 న పారిసులో ప్రదర్శింపబడిన డాన్ పాస్క్వాలే అను హాస్యనాటకము అతని ప్రజ్ఞకు పరాకాష్ఠ. భార్యాబిడ్డలను కోల్పోయి ఏకాకియైనవాడు లోకమును ఇంతగా నవ్వించెను. ఇంత కీర్తిలోను అతడు గురువును మరువలేదు. తన జయాపజయములను మయర్‌కు లేఖలద్వారా నివేదించుచునే యుండెను.

కాని ఆనాడు మందు లేని ఒక దీర్ఘవ్యాధి అతని శరీరమున ప్రవేశించి క్రమముగా మెదడును క్షీణింపజేయుచుండెను. మతిమరుపు, కోపము, నిస్సత్తువ హెచ్చినవి. 1845 డిసెంబరు 2 న వృద్ధుడగు మయర్ బెర్గమోలో మరణించెను. అప్పటికే శిష్యుని స్థితి దయనీయముగా నుండెను. 1846 ఆరంభమున, వియన్నాలోని ఉద్యోగమునకు పోవుచున్నామని నమ్మించి, అతనిని బండిలో కూర్చుండబెట్టి, పారిసు సమీపమునగల ఇవ్రీ అను ఊరి మానసిక చికిత్సాలయమునకు చేర్చిరి. బండి దారిలో చెడినదనియు, అది సత్రమనియు అతనికి చెప్పిరి. లూచియా మతిచలనమును పాటగా మలచినవాడు తుదకు తానే ఆ చీకటిలో చిక్కుకొనెను.

అతని అన్న గిసెప్పె తురుష్క సుల్తాను కొలువున సంగీతాధికారిగా ఉండెను. ఆయన కుమారుడు కాన్‌స్టాంటినోపులునుండి వచ్చి, ఎన్నో అడ్డంకులను దాటి, చిన్నతండ్రిని 1847 అక్టోబరులో జన్మస్థానమునకు చేర్చెను. బెర్గమోలోని ఒక ఉన్నత కుటుంబమువారు అతనిని తమ భవనమున ఉంచి కడవరకు సేవచేసిరి. 1848 ఏప్రిలు 8 వ తేదీన, తన ఏబదియవ ఏట, డొనిజెట్టి మరణించెను. 1875 లో అతని అస్థికలను శాంతా మరియా మజ్జోరె చర్చికి చేర్చిరి. మయర్ సమాధియు ఆ చర్చిలోనే కలదు. ఏ చర్చి గాయకబృందమునకు ఆ బాలుడు తగడని ఒకనాడు పెద్దలు తలచిరో, ఆ చర్చిలోనే గురువు చెంత అతడు శాశ్వతముగా నిలిచెను.

పిమ్మట సంగీత నాటకముల రీతి మారెను. లూచియా, ప్రేమౌషధము, డాన్ పాస్క్వాలే వంటి కొన్ని తప్ప అతని రచనలు చాలవరకు మూలబడెను. 1957 లో మిలానునందలి లా స్కాలా నాటకశాలలో మరియా కలాస్ అను ప్రసిద్ధ గాయని అన్నా బొలేనా పాత్రను పాడినపిదప ప్రజలు మరల వానివైపు దృష్టి మరల్చిరి. చలనచిత్రముకూడ ఈ పునరుజ్జీవనమునకు తోడ్పడెను. ప్రేమౌషధము ఇటలీలో 1940 ప్రాంతపు దశాబ్దిలోనే చిత్రముగా వెలువడెను. నాటి ఒపేరా చిత్రములలో సాధారణముగా పాటలను ముందుగా ముద్రించి, పిమ్మట నటులచే పెదవులు కదలింపజేయుచుండిరి. తరువాతి కాలమున నాటకశాలలో జరుగుచున్న ప్రదర్శననే, గాయకులు పాడుచుండగనే, పెక్కు కెమెరాలతో చిత్రించు పద్ధతి వచ్చెను. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ఒపేరాలో 1981 లో లుచియానో పవరోట్టి నెమొరినోగాను, 1982 లో జోన్ సదర్లండ్ లూచియాగాను పాడిన ప్రదర్శనలు ఇట్లు చిత్రింపబడినవే. 2008 ఏప్రిలు 26 న సైనికదళ పుత్రిక అదే నాటకశాలనుండి పలుదేశముల చిత్రశాలలకు ప్రసారమయ్యెను.

ఇట్టి చిత్రములవలన ఒక విశేష లాభము కలదు. ప్రేమౌషధము చివర, అదీనా కంట తళుక్కున మెరసిన ఒక్క కన్నీటిబొట్టును చూచి, ఆమెకు తనపై ప్రేమ కలదని నెమొరినో గ్రహించి పాడును. కథ యంతయు ఆ బొట్టుతో మలుపు తిరుగును. అయినను వేయిమంది కూర్చున్న నాటకశాలలో, చవుకధర టికెట్టు కొని కడపటి వరుసలో కూర్చున్నవానికి పాట వినబడును గాని గాయకుని ముఖము కానరాదు. చిత్రమునందు ఆ ముఖము అతి సమీపమునకు వచ్చును. ధనికుడు ముందు వరుసనుండి చూచినదానిని పేదవాడును చూడగలుగును. నాటకశాలలోని సజీవ కంఠనాదమునకు చిత్రము సాటిరాదు. కాని తలుపుబయట నిలిచిపోవలసినవానిని అది లోనికి పిలుచును.

పేదపిల్లలకు తలుపు తెరచి మయర్ చేసిన పనియు అట్టిదే. ఆయన రచించిన నాటకములను నేడు తలచువారు అరుదు. ఆయన పంపివేయనొల్లని బాలుని పాటలు మాత్రము లోకమంతయు వినుచున్నది. బోర్గో కనాలెలోని ఆ నేలమాళిగను నేడు జాతీయ స్మారకముగా కాపాడుచున్నారు. యాత్రికులు మెట్లు దిగి, ఆ చీకటి గదులను చూచి, మరల వెలుతురులోనికి వత్తురు. ఆ మెట్లను ఎక్కుటకు ఒక బాలునికి చేయూతనిచ్చిన ఉపాధ్యాయుని అచ్చట స్మరించుట న్యాయము.